పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ?

రైతు ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం బీరువాలో, పట్టుచీరల అడుగున ఉంటుంది. పంట రుణానికైనా, అన్నదమ్ముల పంపకాలకైనా అదే ఆధారం. భూముల రీసర్వే తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పంచిన కొత్త పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ఫొటో అచ్చేశారు. పొలం గట్ల మీద పాతిన హద్దురాళ్లకూ ఆయన పేరుతోనే ప్రచారం. 2024 ఎన్నికల్లో ఆయన పార్టీ వైసీపీ ఓటమికి కారణాలు చాలానే ఉన్నాయి. నన్నడిగితే ఈ ఫొటోను ముందు వరసలో పెడతాను.

నిజానికి రీసర్వే అవసరమైన పనే. బ్రిటిష్ కాలం నాటి రికార్డులతో వందేళ్లుగా నెట్టుకొస్తున్నాం. 2020 డిసెంబరులో మొదలైన ఆ పనిని పనిగానే చేసి ఉంటే మంచిపేరు వచ్చేది. దాన్ని కూడా ప్రచారానికి వాడుకోవాలనుకోవడంతోనే కథ అడ్డం తిరిగింది. తాతల నాటి భూమి కాగితం మీద ఈయన బొమ్మెందుకన్న ప్రశ్న రచ్చబండ దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే ల్యాండ్ టైట్లింగ్ చట్టం వచ్చి పడింది. 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి తెచ్చారు. హక్కు ఎవరిదో తేల్చేది టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి. కాదంటే అప్పీలు అధికారి దగ్గరికి, ఆపైన హైకోర్టుకు వెళ్లాలి. ఊరికి దగ్గర్లోని సివిల్ కోర్టు తలుపు మూసేశారని న్యాయవాదులు విధులు బహిష్కరించి రోడ్డెక్కారు. వాళ్ల అభ్యంతరంలో న్యాయం ఉంది. ఎన్నికలు దగ్గరపడేసరికి అది వేరే రూపం ఎత్తింది. అసలు దస్తావేజులు సర్కారు ఉంచుకుని మనకు జిరాక్సులే ఇస్తారట, భూములు లాక్కుంటారట అన్న మాట ఊరూరా పాకింది. ప్రతిపక్షం దాన్ని బాగా పెంచింది, అందులో అతిశయోక్తీ ఉంది. ఈ చట్టానికి నమూనా నీతి ఆయోగ్‌దేనని ప్రభుత్వం మొత్తుకున్నా వినేవాళ్లు లేరు. భూములు ఇచ్చేవాణ్ణే గానీ లాక్కునేవాణ్ణి కాదని సభల్లో జగన్ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. రైతు మాత్రం చేతిలోని పుస్తకం తిప్పి చూసుకున్నాడు. పుకారుకు సాక్ష్యం అట్ట మీదే ఉంది.

'వై నాట్ 175' అంటూ బయల్దేరిన పార్టీకి 11 సీట్లు మిగిలాయి. 2019లో గెలిచినవి 151. అయినా ఓట్లు 39 శాతం పైనే వచ్చాయంటే పథకాల మేలు జనం మరిచిపోలేదని అర్థం. ఇచ్చిన ప్రతిదానికీ బొమ్మ తగిలించి, మనుషుల్ని 'లబ్ధిదారులు'గా లెక్కగట్టిన తీరే మిగతావాళ్లను దూరం చేసిందని నా నమ్మకం.

ఈ జబ్బు ఒక్క పార్టీది కాదు. 2019 ఎన్నికల ముంగిట తెలుగుదేశం ప్రభుత్వం పసుపు కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు 10 వేలు మూడు విడతల్లో ఇచ్చింది. దక్కినవి 23 సీట్లు. డబ్బు తీసుకున్న ఆడవాళ్లది ద్రోహమన్నట్టు మాట్లాడిన నాయకుల్ని చూస్తే ఒళ్లు మండేది. అది వాళ్ల జేబులోంచి ఇచ్చిందా?

2024 జూన్‌లో తెలుగుదేశం కూటమి ప్రభుత్వం రాగానే ల్యాండ్ టైట్లింగ్ చట్టం రద్దుకు సంతకం పడింది, పాసుపుస్తకాల మీద రాజముద్రే ఉంటుందన్నారు. మంచిదే. కానీ బొమ్మ ఉండాలా వద్దా అన్నది ఒక ప్రభుత్వం ఇష్టాయిష్టాల మీద ఆధారపడకూడదు. ప్రభుత్వ ప్రకటనల్లో ముఖ్యమంత్రుల ఫొటోలు వద్దని 2015లో చెప్పిన సుప్రీంకోర్టు, 2016లో ఆ పట్టు సడలించింది. ప్రకటనల సంగతి ఎలా ఉన్నా, భూమి పత్రాల మీద, రేషన్ కార్డుల మీద, బడిపిల్లల సంచుల మీద ఏ నాయకుడి బొమ్మా ఉండరాదని శాసనసభే చట్టం చేయాలి. 164 సీట్ల బలమున్న కూటమికి అది ఒక్క పూట పని.