‘వంటి’ అన్న మాట తీసివేస్తే

ఉపమాలంకారానికి అంగాలు నాలుగు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ‘వలె’, ‘వంటి’ అనే ఆ వాచకాన్ని తొలగించి రెంటికీ అభేదం చెబితే అది రూపకమవుతుంది. కావ్యంలో ఆ స్వేచ్ఛ కవిది. వైజ్ఞానిక రచనలో అది ఎవరికీ లేదు. ‘కృత్రిమ కండరాలు’ అన్న పేరుతో ప్రచారంలో ఉన్న అణువుల విషయంలో జరుగుతున్నది ఈ అతిక్రమణే.

కార్సన్ బ్రన్స్, ఫ్రేజర్ స్టోడార్ట్ రచించిన ‘ది నేచర్ ఆఫ్ ద మెకానికల్ బాండ్’ 2016లో వెలువడింది. అదే సంవత్సరం జాన్-పియేర్ సోవాజ్, బెన్ ఫెరింగాలతో కలిపి స్టోడార్ట్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఏడు వందల పుటలు దాటిన ఆ ఉద్గ్రంథం ఓపికగా వివరించే ప్రధాన విషయం యాంత్రిక బంధం. రెండు అణువుల నడుమ రసాయన బంధమేదీ లేకపోయినా, అవి గొలుసు కడియాల్లా ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉండగలవు. ఏదో ఒకటి తెగితే తప్ప విడిపోవు. గ్రంథపు ఉపశీర్షికలోని ‘యంత్రాలు’ అన్న ఒక్క మాటను పట్టుకొని పరుగెత్తేవారికి ఈ ఓపిక అక్కరలేకపోయింది.

పోలిక ఎక్కడ పుట్టిందో చూడాలి. 2000లో స్ట్రాస్‌బూర్గ్‌లో సోవాజ్ బృందం ఒక జంట అణువును నిర్మించింది. ఒక్కొక్కదానికీ ఒక ఉంగరం, ఒక తోక. ఒకదాని తోక రెండవదాని ఉంగరంలో దూరి ఉంటుంది. రాగి అయాన్లు ఉన్నప్పుడు ఆ జంట సాగి సుమారు 8 నానోమీటర్ల పొడవుంటుంది. రాగి స్థానంలో జింకు చేరితే ఆరున్నరకు ముడుచుకొంటుంది. తోకలు కురచబారవు, ఒకదాని పక్క నుంచి ఒకటి జారుతాయి. మన కండరం తీరూ ఇదే. అందులోని తంతువులు కుంచించుకుపోవనీ, ఒకదానిమీద ఒకటి జారుతాయనీ 1954లో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఒకవైపు, ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె మరొకవైపు ప్రతిపాదించారు. సమానధర్మం నిజంగానే ఉంది. ఉపమ సాధువే.

అయితే అది అక్కడితో ముగుస్తుంది. కండరంలోని మయోసిన్ తల ఆక్టిన్ తంతువును పట్టి లాగుతుంది, వదులుతుంది, మరికొంత ముందు మళ్ళీ పట్టుకొంటుంది. ఏటీపీ అందుతున్నంతసేపు ఇది తనంత తానే సాగుతుంది. ఏటీపీ అడుగంటితే పట్టు వదలదు. శవం బిగుసుకుపోవడానికి కారణం అదే. అంటే పట్టడం ఎంతో వదలడం అంత. సోవాజ్ అణువుకు ఈ చక్రం లేదు. దాన్ని ముడవాలంటే ముందు సయనైడుతో రాగిని తొలగించి, పిమ్మట జింకు కలపాలి. 2012లో అదే నగరంలో నికొలా జియుసెప్పోన్ బృందం ఇలాంటి జంటలను వేలకొద్దీ గొలుసుగా కూర్చి, సంకోచాన్ని సుమారు 10 మైక్రోమీటర్లకు పెంచింది. అది గొప్ప విజయం. అయినా అక్కడా ఆమ్లమో క్షారమో మార్చే చెయ్యి బయటిదే.

కొంచెం పెంచి చెప్పకపోతే ఎవరు చదువుతారని కొందరి వాదం. నోబెల్ సంఘమే ఈ అణుయంత్రాలను 1830ల నాటి విద్యుత్ మోటారుతో పోల్చింది. ఎంత దూరం వచ్చామో, ఇంకా ఎంత మిగిలిందో ఆ ఒక్క పోలికలో తెలుస్తుంది. చదువరి ఆసక్తికి అది చాలదనుకోవడం చదువరిని చిన్నబుచ్చడమే.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది రచయిత కాదు. డుషేన్ కండరక్షీణతతో కొడుకు చక్రాల కుర్చీకి చేరుకొన్న తల్లి, అటువంటి వార్తను కత్తిరించి దాచుకొని వైద్యుడి ముందు పెడుతుంది. ఆ బిడ్డలో లోపించినది కండరతంతువు పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను. సోవాజ్ అణువుకు ఆ లోపంతో సంబంధమేమీ లేదు. ఆ మాట ఆమెకు చెప్పవలసిన భారం, వార్త రాసినవారు మోయరు.

కాబట్టి తెలుగులో ఈ విషయం రాసేవారు చేయవలసిన పని చిన్నదే. ‘కండరం వంటి అణువు’ అని రాయాలి. ఏ విషయంలో వంటిదో, ఏ విషయంలో కాదో వెంటనే మరొక వాక్యంలో చెప్పాలి.