ఫోన్ చేసి అడిగే హక్కు

ఆస్ట్రేలియాలో చిన్న వ్యాపారాల సైబర్ భద్రత మీద ఎవరు మాట్లాడినా మాట చివరికి ఒక్కచోటికే చేరుతోంది. ఉద్యోగులకు అవగాహన పెంచాలట. అనుమానంగా కనిపించే లింకు నొక్కొద్దని నేర్పాలట. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ వాదన బాధ్యతంతా కౌంటరు వెనక కూర్చున్న మనిషి నెత్తిన పెట్టి, ఆ మనిషి చేతికి మాత్రం ఏ అధికారమూ ఇవ్వడం లేదు. డబ్బు ఆపే హక్కు లేని ఉద్యోగికి ఎంత అవగాహన ఉంటే మాత్రం ఏం లాభం?

పెర్త్‌లో 2024లో వచ్చిన ఒక తీర్పును ఈ చర్చలో ఎవరూ ఎందుకు ఎత్తడం లేదో నాకు అర్థం కావడం లేదు. మోబియస్ గ్రూప్, ఇనోటెక్ అనే రెండు కంపెనీల తగాదా అది. మోబియస్ పని చేసి ఇన్‌వాయిస్ పంపింది. దాని మెయిల్‌లోకి చొరబడ్డ దొంగ, మా బ్యాంకు ఖాతా మారిందంటూ ఇనోటెక్‌కు రాశాడు. ఇనోటెక్ 2,35,400 డాలర్లు ఆ ఖాతాలో వేసింది. అందులో కొంత వెనక్కి వచ్చింది. మిగిలిన లక్షా 91 వేల పైచిలుకు మోబియస్‌కు కట్టి తీరాల్సిందేనని వెస్టర్న్ ఆస్ట్రేలియా జిల్లా కోర్టు తేల్చింది. మెయిల్ కాపాడుకోలేకపోయింది మీరే కదా అన్న ఇనోటెక్ వాదన నిలబడలేదు.

ఇందులో ఎవరు ఏం చేశారో ఒకసారి నిదానంగా చూడండి. చొరబాటు జరిగింది డబ్బు అందుకోవాల్సినవాళ్ల మెయిల్‌లో. పోగొట్టుకున్నది డబ్బు కట్టినవాళ్లు. కట్టినవాళ్ల దగ్గర ఎవరూ దొంగ లింకు నొక్కలేదు. మెయిల్ వచ్చింది అసలు చిరునామా నుంచే. శిక్షణలో చూపించే అక్షరదోషాలు, వింత చిరునామాలు వెతికితే అక్కడ పట్టుబడేది ఏముంది? ఫోన్ చేసే ప్రయత్నం కూడా జరిగింది. కాకపోతే ఖాతా సంగతి ఫోన్‌లో తేలలేదు. రుజువు కావాలని మళ్లీ మెయిల్‌లోనే అడిగారు, దొంగే జవాబిచ్చాడు. తమను తాము కాపాడుకోగల స్థితిలో ఉన్నది చెల్లించేవాళ్లేననీ, ఖాతా వివరాలు ఫోన్‌లో సరిచూసుకుని ఉండాల్సిందనీ కోర్టు చెప్పినదాని సారాంశం. అంటే 2,35,400 డాలర్లు పోవడానికీ నిలవడానికీ మధ్య ఉన్నది పూర్తిగా సాగని ఒక ఫోన్ సంభాషణ.

జిల్లా కోర్టు తీర్పే కదా, మిగతా రాష్ట్రాల కోర్టులను కట్టిపడేయదు కదా అని కొందరు అనొచ్చు. నిజమే. రేపు మీ సరఫరాదారు లాయరు నోటీసు పంపినప్పుడు ఆ సంగతి మీకు పెద్ద ఊరటనిస్తుందని నేననుకోను.

దేశ సైబర్ భద్రత చూసే ఆస్ట్రేలియన్ సిగ్నల్స్ డైరెక్టరేట్ ఏటా లెక్కలు చెబుతోంది. ఒక్కో సైబర్ నేరానికి తమకెంత నష్టమైందని చిన్న వ్యాపారాలు చెప్పుకున్న మొత్తం సగటున 2022-23లో 46 వేల డాలర్లు, మరుసటి ఏడాది 49,600, 2024-25లో 56,600. అవగాహన గురించిన మాటలూ ఆ మూడేళ్లలోనే జోరందుకున్నాయి. శిక్షణ వల్లే నష్టం పెరిగిందని నేననడం లేదు. శిక్షణ మీద పెట్టుకున్న నమ్మకానికి ఆధారం ఎక్కడుందని అడుగుతున్నాను. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో ఆరోగ్య సంస్థలో 19 వేల మందికి పైగా ఉద్యోగులను ఎనిమిది నెలలు పరీక్షించారు. శిక్షణ పొందినవాళ్లు నకిలీ మెయిళ్లకు పడిపోవడం మిగతావాళ్ల కంటే తగ్గింది 1.7 శాతమే. అంత పెద్ద ఆసుపత్రి వ్యవస్థలోనే ఇలా ఉంటే, ముగ్గురు పనిచేసే కిరాణా కొట్టు సంగతేమిటి?

ఆ కొట్టునే చూద్దాం. సిడ్నీ శివారు వెంట్‌వర్త్‌విల్ అనుకోండి, మెల్‌బోర్న్ శివారు టార్నీట్ అనుకోండి. వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య చిన్న బల్ల, పసుపు అంటిన కీబోర్డు, మానిటర్ అంచుకు చీటీ మీద పాస్‌వర్డ్. గుంటూరు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన అమ్మాయి రెండు వారాలకు 48 గంటల వీసా పరిమితిలో బిల్లింగ్ చూస్తూ, సరుకు దించుకుంటూ, మధ్యలో ఇన్‌వాయిస్‌లు ఎక్కిస్తుంది. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు సరఫరాదారు దగ్గర్నుంచి మెయిల్ వస్తుంది: ఇకనుంచి కొత్త ఖాతాకు వేయండి. ఓనరు వాట్సాప్ చేస్తాడు: కట్టేసెయ్ అమ్మా, లేకపోతే సోమవారం సరుకు రాదు. ఆ అమ్మాయికి అనుమానం వచ్చిందనే అనుకుందాం. "అన్నా, ఒకసారి ఫోన్ చేసి కనుక్కుంటాను, సోమవారం వేద్దాం" అనగలదా? వచ్చేవారం షిఫ్టులు ఆ అన్న చేతిలోనే ఉన్నాయి. మనవాళ్ల దగ్గర పెద్దవాళ్ల మాటకు ఎదురు ప్రశ్న వేయడం ఎంత కష్టమో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మోసగాడికి కావలసినవి ఆ తొందర, ఆ మొహమాటమే. ఆమెకు లేనిది జ్ఞానం కాదు, వద్దని చెప్పగల ధైర్యానికి ఓనరు నుంచి అండ.

2023-24 బడ్జెట్‌లో ప్రభుత్వం చిన్న వ్యాపారాల మండలి నడిపే సైబర్ వార్డెన్స్ కార్యక్రమానికి 2 కోట్ల 34 లక్షల డాలర్లు కేటాయించింది. ఉచిత శిక్షణ, ఉద్దేశం మంచిదే. పాస్‌వర్డ్‌లకూ రెండంచెల ధ్రువీకరణకూ అది పనికొస్తుంది, కాదనను. కానీ లెక్క చెప్పాల్సింది ఎంతమంది పాఠం పూర్తిచేశారని కాదు. ఎన్ని దుకాణాల్లో ఖాతా మార్పు మెయిల్ వస్తే చెల్లింపు ఆపే నియమం పెట్టుకున్నారు? ఆ పాఠం చదివిన గంటకు ఎంతమందికి జీతం ఇచ్చారు?

ఇక ఉద్యోగికి పాఠాలు చెప్పేవాళ్లు తమవంతు ఏం చేశారు? కట్టేవాళ్లు రాసిన పేరూ ఖాతాదారు పేరూ ఒకటేనా అని చూపించే ఏర్పాటు బ్రిటన్ బ్యాంకుల్లో 2020లోనే మొదలైంది. ఇక్కడి బ్యాంకులు దాన్ని జనంలోకి తెచ్చేసరికి 2025 వచ్చింది. అప్పటిదాకా బీఎస్‌బీ అనే బ్యాంకు శాఖ నంబరు, ఖాతా నంబరు ఉంటే చాలు, పేరు ఏం రాసినా డబ్బు వెళ్లిపోయేది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు నుంచి ఇలా మోసపోయిన అతిచిన్న వ్యాపారాలకు కూడా బ్యాంకులు పరిమితికి లోబడి డబ్బు తిరిగివ్వాలి. ఇక్కడ అలాంటి తప్పనిసరి నియమం పెట్టలేదు. ఏడాదికి 30 లక్షల డాలర్ల లోపు టర్నోవరున్న వ్యాపారాల్లో అత్యధిక భాగానికి గోప్యతా చట్టం నుంచి మినహాయింపు ఉంది. తమ మెయిల్‌లోకి దొంగ చొరబడినా ఆ చట్టం కింద కస్టమర్లకు చెప్పే బాధ్యత వాటికి లేదు. ఈ మినహాయింపు తీసేయడానికి ప్రభుత్వం 2023 సెప్టెంబరులో సూత్రప్రాయంగా ఒప్పుకుని, 2024 సవరణలో పక్కన పెట్టేసింది. బ్యాంకు చూడలేదు, చట్టం అడగలేదు, మెయిల్ పోగొట్టుకున్నవాళ్లు చెప్పనక్కర్లేదు. అన్నీ చూసుకోవాల్సింది మాత్రం బియ్యం బస్తాల మధ్య కూర్చున్న ఆ అమ్మాయి! ఇనోటెక్ నష్టపోయిన లక్షా 91 వేల డాలర్ల లాంటి మొత్తం ఒక కిరాణా కొట్టును మూయించడానికి చాలు. అలా మూతపడితే కారణం "మానవ తప్పిదం" అని రాసుకుని ముందుకు పోతారు. ఇది అన్యాయం.

ప్రభుత్వం సంగతి ప్రభుత్వానిది. ఓనరు గారూ, మీ ఉద్యోగికి శిక్షణ లింకు పంపే ముందు ఒక కాగితం తీసుకోండి. ఖాతా మారిందని ఎవరు రాసినా, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మన దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి, తెలిసిన గొంతు విని, కొత్త ఖాతా నంబరు వాళ్ల నోటితో చెప్పించుకునేదాకా డబ్బు వేయొద్దని రాయండి. ఆపినందుకు సరుకు ఆలస్యమైతే నీ షిఫ్టులు తగ్గవని రాయండి. నేను చెప్పినా వేయొద్దని రాయండి. కింద సంతకం పెట్టి, ఆ పాస్‌వర్డ్ చీటీ పీకేసి దాని జాగాలో అతికించండి.