పదహారు గళ్ల పాట

సూరత్ నగరంలోని లింబాయత్ పేరు వినగానే తెలుగువారికి మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. తెలంగాణ పల్లెల నుంచి బ్రతుకుతెరువు కోసం వచ్చిన పద్మశాలి కుటుంబాలెన్నో ఇక్కడ స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతున్నది. మగ్గాల చప్పుడు ఈ వీధుల గాలిలోనే కలిసిపోయింది. అందులోంచి పాట పుట్టగలదని నేనెన్నడూ అనుకోలేదు.

ఒక సెలవునాడు, మరమగ్గంపై పన్నెండు గంటల షిఫ్టు చేసే మా వీధి కుర్రవాడు చిన్న పుస్తకం పట్టుకొని వచ్చాడు. "సార్, ఈ ఇంగ్లీషు జర తెలుగుల చెప్తరా?" అన్నాడు. అనువాదం నా వృత్తి గనుక, కూర్చోమన్నాను. అతని జేబులోంచి రెండు తెరల ఆటపెట్టె ఒకటి బయటికి వచ్చింది. దుబాయిలో పనిచేసే మేనమామ ఇచ్చిన పాత నింటెండో డీయెస్ అది. అయితే అందులో ఉన్నది ఆట కాదు, కోర్గ్ డీయెస్-10 అనే వాద్యం!

ఆటపెట్టెలతో సంగీతం కల్పించడం కొత్త సంగతేమీ కాదు. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ ఏకకాలంలో నాలుగు ధ్వనులు మాత్రమే పలికించగలిగేది. ఆ నాలుగింటితోనే పాటలు కట్టుకొనేందుకు జర్మనీకి చెందిన ఒలివర్ విట్‌ఖోవ్ 1998లో 'నానోలూప్'ను, స్వీడన్‌కు చెందిన యోహాన్ కోట్లిన్‌స్కీ 2000లో 'లిటిల్ సౌండ్ డీజే'ను రూపొందించారు. 1978 నాటి ఎమ్మెస్-10 అనే సింథసైజరును ఆదర్శంగా తీసుకొని, 2008లో జపాన్‌లో డీయెస్-10 వెలువడింది. రెండు సింథసైజర్లు, నాలుగు డ్రమ్ము ధ్వనులు అరచేతిలో ఇమిడిపోయాయి. సూరత్‌ను పోషించే సింథటిక్ బట్టకూ, ఈ సింథసైజరుకూ మూలం ఒకే గ్రీకు మాట; దాని అర్థం 'కూర్చుట'.

చిక్కు నాకు 'ఎన్వలప్' దగ్గర వచ్చింది. మనకు తెలిసినది ఉత్తరాల కవరే గదా! ఇక్కడ అది స్వరానికి తొడిగే ఆకారం. స్వరం పైకి లేవడం, కొంత దిగడం, నిలబడడం, మీట వదిలిన పిమ్మట ఆరిపోవడం - ఈ నాలుగు దశలనూ విడివిడిగా దిద్దుకోవచ్చు. నేను మాటల కోసం తడుముకొంటూండగా అతనే అందుకొన్నాడు: "మగ్గం బందు చేసినా ఒక్క గడియ తిరుగుతనే ఉంటది గద సార్! గా ఆఖరుది గదే." అంతకన్న మంచి అనువాదం నాకు తోచలేదు.

తాళం కట్టే పద్ధతికి నా సహాయమే అవసరం లేకపోయింది. తెరపై వరుసగా పదహారు గళ్లుంటాయి. నింపిన గడి దగ్గర ధ్వని పలుకుతుంది. ఖాళీ గడి దగ్గర మౌనం. చివరికి చేరగానే మళ్లీ మొదటికి వస్తుంది. జకార్డు మగ్గపు అట్టలు ఎరిగిన కులానికి ఇందులో వింత ఏమున్నది? రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు.

చివరికి అసలు ప్రశ్న అడిగాడు: "సన్నటి సప్పుడు తీసేసి, బరువుది ఉంచాలంటే ఎట్ల?"

కారణం వాళ్ల తండ్రి. ముప్పయి ఏళ్లు మగ్గాల మధ్య నిలబడిన మనిషి. ఎడతెగని పెద్ద చప్పుడు లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలను నశింపజేస్తుంది. అవి మళ్లీ మొలవవు. సాధారణంగా ముందు పోయేది హెచ్చు స్థాయి ధ్వనుల వినికిడే. తండ్రికి మిగిలిన వినికిడిలో పట్టే పాట ఒకటి కట్టాలని కొడుకు పట్టుదల! పుస్తకంలో 'ఫిల్టర్' అన్న పుట తీసి చదివి చెప్పాను. అది వడపోత. 'కటాఫ్' అనే బిరడాను తగ్గించినకొద్దీ పై స్థాయి ధ్వనులు ఆగిపోయి, కింది స్థాయివే బయటికి వస్తాయి.

నాలుగు వారాల తరువాత నన్ను ఇంటికి పిలిచాడు. తండ్రి చెవులకు హెడ్‌ఫోను పెట్టి, మెల్లగా పాట విడిచాడు. ఆయన కళ్లు మూసుకొని, మోకాలిపై వేలితో లెక్క పెట్టసాగాడు. కాసేపటికి వేలు ఆగింది.

"ఏడో జాగల పేక తప్పిందిరా" అన్నాడు.

నేను వంగి తెరవైపు చూశాను. ఏడవ గడి ఖాళీగా ఉన్నది.

"కావాలనే ఇడిసిన, బాపూ" అన్నాడు కుర్రవాడు, ఆయనకు వినబడేటట్లు గట్టిగా.

మగ్గంపై పేక తప్పితే బట్టలో లోపం, కూలిలో కోత. తప్పిన పేకను ఒకడు కావాలని ఉంచుకోవచ్చునన్న సంగతి ఆ పెద్దాయనకు ముప్పయి ఏళ్లలో ఎవరూ చెప్పి ఉండరు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత హెడ్‌ఫోనును రెండు చేతులతో చెవులకు అదుముకొని, "మల్లొక్కపారి పెట్టు" అన్నాడు.