సాంబ మసూరికి కత్తెర: మనం అడగాల్సింది ఏమిటి?

జీనోమ్ ఎడిటింగ్ వరి గురించి పై వీడియోలో చెప్పింది కొంతే. నా అభిప్రాయం ఇక్కడ సూటిగా రాస్తున్నా.

2025 మే 4న కేంద్ర ప్రభుత్వం రెండు ఎడిటింగ్ వరి రకాలు ప్రకటించింది. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ తయారుచేసిన 'కమల' (డీఆర్ఆర్ ధాన్ 100) మన బాపట్ల సాంబ మసూరి, అంటే బీపీటీ 5204 నుంచి వచ్చింది. ఢిల్లీ ఐఏఆర్ఐ వాళ్ళ పూసా డీఎస్టీ రైస్ 1కి మూలం మారుటేరు రకం ఎంటీయూ 1010. రెండూ మన నేల రకాలే.

కమలలో ఏం చేశారు? వరిలో సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. దాని జన్యువును క్రిస్పర్ అనే 'కత్తెర'తో మార్చారు. హార్మోన్ నిలిస్తే కంకిలో గింజలు పెరుగుతాయి. సాంబ మసూరి కంటే 19 శాతం ఎక్కువ దిగుబడి, 20 రోజులు ముందే కోత అని సంస్థ చెబుతోంది. ఆ లెక్కలను ప్రశ్నించినవాళ్ళూ ఉన్నారు. బీటీ పత్తిలో బ్యాక్టీరియా జన్యువు పెట్టారు, ఇందులో బయటి జన్యువు మిగలదు. అందుకే 2022లో కేంద్రం ఇలాంటి పంటలకు జీఎం నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది.

ల్యాబ్‌లో పుట్టిందల్లా విషం అని మనవాళ్ళు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మన ఇళ్ళల్లో షుగర్ ఉన్న పెద్దలు వేసుకునే ఇన్సులిన్ జన్యుమార్పిడి సూక్ష్మజీవులతోనే తయారవుతోంది. 2023లో ఇదే క్రిస్పర్‌తో చేసిన సికిల్ సెల్ చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి.

కానీ మందు వేరు, విత్తనం వేరు. మందు మీద పేరుంటుంది, రోగి తెలిసే ఒప్పుకుంటాడు. విత్తనం అలా ఒక మనిషితో ఆగదు. వరిలో పుప్పొడితో కలిసేది తక్కువే గానీ, కోత మిషన్లో, కళ్ళంలో, గోతాల్లో కలవడం మనందరం చూసిందే. సేంద్రియ ధ్రువీకరణలో జన్యుమార్పిడి విత్తనానికి చోటు లేదు. నేను బీపీటీ బియ్యం నేరుగా ఇళ్ళకి అమ్ముతాను. "ఇది ఎడిట్ చేసిందా?" అని కస్టమర్ అడిగితే గట్టిగా జవాబు చెప్పగలగాలి కదా!

అందుకే నేను అడిగేవి మూడు. విత్తన సంచి మీద 'జీనోమ్ ఎడిటింగ్ రకం' అని తెలుగులో అచ్చు వేయాలి. ఏ కేంద్రంలో ఎంత పండిందో, భద్రత పరీక్షల్లో ఏం తేలిందో మొత్తం బయటపెట్టాలి. క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నాయి కాబట్టి, 2001 చట్టం రైతుకిచ్చిన విత్తనం దాచుకునే, పంచుకునే హక్కు ఈ రకాలకూ ఉంటుందని రాతపూర్వకంగా చెప్పాలి.

ఇంకో మాట. జన్యుశాస్త్రం అంటే ఎడిటింగ్ ఒక్కటే కాదు. సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులు తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి. సంకరం చేసి, మంచి జన్యువులున్న మొక్కల్ని మార్కర్లతో ఎంచుకున్నారు, అంతే. అలాంటి పనికి డబ్బు పెట్టమని అడుగుదాం.

ఈలోపు మన పని మనం చేద్దాం. ఈ పంటలోనే పొలం మధ్య నుంచి కల్తీ లేని బీపీటీ కంకులు ఏరి, చేత్తో నూర్చి విడిగా దాచండి. బయట కొంటే బిల్లు, సంచి మీది ట్యాగ్ పారేయకండి. రేపు రుజువు అడిగితే చూపించడానికి అవే ఉంటాయి.