దేశదేశాల కబుర్లు: కత్తి తిరిగి ఇచ్చేసిన రాజు

పిల్లలూ, అట్లాసు తెరిచి, మన బంగాళాఖాతం మీదుగా తూర్పుకు వేలు జరపండి. మయన్మార్, థాయిలాండ్, లావోస్ దాటిన తరవాత సముద్రపు ఒడ్డున సన్నగా, పొడవుగా ఒక దేశం కనిపిస్తుంది. అదే వియత్నాం. దానికి ఉత్తరపు కొసన ఎర్ర నది, దక్షిణపు కొసన మెకాంగ్ నది సముద్రంలో కలుస్తాయి. రెండు చోట్లా వరి బాగా పండుతుంది. మధ్యలో కొండలకూ సముద్రానికీ నడుమ ఇరుకు నేల. ఒక చోట దేశం వెడల్పు సుమారు 50 కిలోమీటర్లే! అందుకే అక్కడివారు తమ దేశాన్ని కావడితో పోల్చుకుంటారు. రెండు కొసలా రెండు వడ్ల బుట్టలు, నడుమ వెదురు బద్ద.

ఆ దేశపు రాజధాని హనోయ్. ఆ నగరం నడిబొడ్డున ఒక సరస్సు ఉన్నది. దాని పేరు హోవాన్ కియెమ్. అంటే, "తిరిగి ఇచ్చిన కత్తి" అని అర్థం. ఇదేం పేరు అనుకుంటున్నారా? దానికొక కథ ఉన్నది.

1407లో చైనా సైన్యం వియత్నాంను ఆక్రమించుకున్నది. 1418లో లే లోయ్ అనే ఆయన కొండల్లో కొద్దిమందిని చేరదీసి తిరుగుబాటు లేవదీశాడు. ఆ రోజుల్లో ఒక జాలరి వల వేస్తే చేపలకు బదులు ఒక ఇనుప బద్ద వచ్చిందట. దాన్ని నీళ్ళలో పారేసి, మరొక చోట వల వేశాడు. మళ్ళీ అదే వచ్చింది. మూడోసారీ అదే వచ్చింది. తీరా చూస్తే అది కత్తి అలుగు! కొన్నాళ్ళకు లే లోయ్‌కు ఒక మర్రిచెట్టు మీద కత్తి పిడి దొరికింది. రెండూ కలిపి చూస్తే అతికినట్టు సరిపోయాయి. ఆ కత్తితో ఆయన పదేళ్ళు పోరాడి దేశాన్ని విడిపించి, 1428లో రాజయ్యాడు.

ఒకనాడు రాజు సరస్సులో పడవ మీద షికారు పోతున్నాడు. నీళ్ళలోంచి బంగారు తాబేలు తల ఎత్తి, "రాజా! యుద్ధం ముగిసింది గదా, మా ప్రభువు కత్తి ఇచ్చెయ్యి," అన్నది. రాజు మారుమాట లేకుండా కత్తి ఇచ్చేశాడు. తాబేలు దాన్ని నోట కరుచుకుని మునిగిపోయింది.

ఇది కథే. కాని చరిత్రలో నిజంగా జరిగిన సంగతి ఇంకా వింతగా ఉంటుంది. 1427లో ఓడిపోయి చిక్కుపడిన చైనా సైనికులను లే లోయ్ చంపించలేదు. పడవలూ, గుర్రాలూ, దారిబత్తెమూ ఇచ్చి ఇళ్ళకు పంపాడు. తరవాత చైనా చక్రవర్తికి కానుకలు పంపి స్నేహం కలుపుకున్నాడు. ఎందుకని? చైనా పెద్ద దేశం. ఈనాడు ఓడినా రేపూ పక్కనే ఉంటుంది. పొరుగువాణ్ణి మార్చుకోలేం గదా!

ఇలాటి అవసరం వియత్నాంకు ఆ తరవాత కూడా చాలాసార్లు వచ్చింది. 19వ శతాబ్దంలో ఫ్రెంచివారు వచ్చి దేశాన్ని ఏలుబడిలోకి తెచ్చుకున్నారు. 1945 సెప్టెంబరు 2న హో చి మిన్ హనోయ్‌లో స్వాతంత్ర్యం ప్రకటించాడు. ఫ్రెంచివారు ఒప్పుకోలేదు. యుద్ధం 1954 దాకా సాగింది. అప్పుడు జరిగిన ఒప్పందం ప్రకారం దేశం ఉత్తర, దక్షిణ భాగాలుగా చీలింది. ఆ ఒప్పందం అమలును చూడటానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత వహించినది మన భారతదేశమే. ఆ ఏడే నెహ్రూ హనోయ్ వెళ్ళారు. 1958లో హో చి మిన్ మన దేశానికి వచ్చారు.

చీలిన దేశం మళ్ళీ యుద్ధంలో పడింది. దక్షిణాది ప్రభుత్వం పక్షాన అమెరికా లక్షలాది సైనికులను దింపింది. ఉత్తరాదికి చైనా, సోవియట్ యూనియన్ సాయం చేశాయి. 1975 ఏప్రిల్ 30న యుద్ధం ముగిసింది. మరుసటి ఏడు దేశం ఒకటయింది. కాని ఎంత నష్టం! తమవారు సుమారు 30 లక్షలమంది చనిపోయారని వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించింది. అమెరికా సైనికులు 58,000 మందికి పైగా చనిపోయారు. పేలని బాంబులు ఈనాటికీ పొలాల్లో దొరుకుతున్నాయి. క్వాంగ్ త్రి ప్రాంతంలో, తెలియని ఇనుప వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దని బడిలో పిల్లలకు పాఠం చెబుతారు.

యుద్ధంలో అడవుల ఆకులు రాలిపోవటానికి అమెరికా విమానాలు 7 కోట్ల లీటర్లకు పైగా విషపు మందులు చల్లాయి. వాటిలో కొన్నిటిలో డయాక్సిన్ అనే భయంకరమైన విషం ఉన్నది. అది మట్టిలో ఏళ్ళతరబడి నిలిచి ఉంటుంది. దా నాంగ్ విమానాశ్రయం దగ్గర ఆ మట్టిని తవ్వి, పెద్ద తొట్టి వంటి కట్టడంలో పోసి, 300 డిగ్రీలకు పైగా వేడి చేశారు. ఆ వేడికి విషం విరిగిపోయింది. ఈ పని 2018లో పూర్తయింది. చేసినవారెవరో తెలుసా? వియత్నాం, అమెరికా, రెండూ కలిసి! 1995లో ఆ రెండు దేశాలూ రాయబారులను పంపుకోవటానికి ఒప్పుకున్నాయి.

అయితే వియత్నాం ఎప్పుడూ బాధపడిన పక్షమే అనుకోకండి. 1978 చివర అది కంబోడియాలోకి సైన్యాన్ని పంపి, అక్కడ ఘోరాలు చేస్తున్న పోల్ పాట్ ప్రభుత్వాన్ని కూల్చింది. కాని ఆ సైన్యం 1989 దాకా అక్కడే ఉండిపోయింది. చాలా దేశాలు దాన్ని తప్పుపట్టాయి. 1979లో చైనా కోపించి వియత్నాం మీద దాడి చేసింది. అప్పుడు తప్పుపట్టిన పొరుగు దేశాల కూటమి ఆసియాన్‌లోనే వియత్నాం 1995లో సభ్యురాలయింది.

ఇక పరిపాలన సంగతి. మన దేశంలో అనేక పార్టీలు ఎన్నికలలో పోటీ చేస్తాయి. వియత్నాంలో ఉన్నది ఒకటే, కమ్యూనిస్టు పార్టీ. 5 ఏళ్ళకొకసారి జనం ఓట్లు వేసి జాతీయ సభకు 500 మంది దాకా సభ్యులను ఎన్నుకుంటారు. కాని ఎవరు నిలబడవచ్చునో పార్టీ అదుపులోని సంస్థలే ముందుగా వడగడతాయి. పత్రికలు కూడా ప్రభుత్వం అదుపులోనే ఉంటాయి. ప్రభుత్వాన్ని విమర్శించి జైలుకు పోయినవారున్నారు.

ఆ పార్టీయే 1986లో తన ఆర్థిక విధానం సరిగా లేదని గ్రహించి మార్చుకున్నది. దానికి "దోయ్ మోయ్", అంటే కొత్తగా మార్చటం, అని పేరు. అంతకు ముందు పొలాలు ఉమ్మడి సంఘాల చేతిలో ఉండేవి. తిండికి కటకటగా ఉండేది. పొలం సాగు మళ్ళీ రైతు కుటుంబాల చేతికి రాగానే పంట పెరిగింది. 1989 నుంచి వియత్నాం పెద్ద ఎత్తున బియ్యం ఎగుమతి చేస్తున్నది! మిరియాల ఎగుమతిలో దానిదే మొదటి స్థానం.

అక్కడి జనం 10 కోట్లు దాటారు. వారిలో 54 జాతులవారున్నారు. వారి భాషలో ఒక సరదా చూడండి. మనలాగే వారు కూడా పరాయివారిని సైతం వరసపెట్టి పిలుస్తారు. "నేను", "మీరు" అనటానికి బదులు "అన్న", "చెల్లి", "తాత", "మనవడు" అనే మాటలే వాడతారు. తండ్రికి అన్న అయితే "బాక్", తమ్ముడైతే "చూ". మన పెదనాన్న, బాబాయిల మాదిరే! హో చి మిన్‌ను వారు "బాక్ హో" అంటారు. అంటే హో పెదనాన్న అన్నమాట.

ఈనాడు వియత్నాం నాలుగు నియమాలు పెట్టుకున్నది. సైనిక కూటముల్లో చేరదు. తన నేల మీద విదేశీ సైనిక స్థావరాలు ఉండనివ్వదు. ఒక దేశంతో చేరి మరొక దేశం మీదికి పోదు. బలప్రయోగం చెయ్యదు, చేస్తానని బెదిరించదు. ఇవి పాటించటం తేలిక కాదు. తూర్పున ఉన్న సముద్రంలోని దీవులు తమవంటే తమవని చైనాకూ వియత్నాంకూ తగాదా ఉన్నది. అక్కడ చేపలు పట్టబోయిన జాలర్లు అప్పుడప్పుడు దెబ్బలు తిని, వలలు పోగొట్టుకుని వస్తుంటారు. అయినా ఆ రెండు దేశాల మధ్య వ్యాపారం జోరుగా సాగుతూనే ఉన్నది.

హోవాన్ కియెమ్ సరస్సులో నిజంగానే ఒక పెద్ద తాబేలు ఉండేది. అది 2016 జనవరిలో చనిపోయింది. నగరమంతా విచారించింది.

ఈ నెల ప్రశ్న: లే లోయ్ స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? కత్తి ఇచ్చేసేవారా, లేక మళ్ళీ శత్రువు వస్తాడేమోనని దాచుకునేవారా? మీ అమ్మానాన్నలతో మాట్లాడి చూడండి. వచ్చే నెల మరొక దేశం కబుర్లు చెప్పుకుందాం.