మహిమలు – మానవ ప్రయత్నము

మహిమ అనగా ప్రకృతి నియమమును మీరి జరుగు సంఘటన అని లోకుల భావన. దివ్య ఖురాన్ దీనికి వాడిన మాట 'ఆయత్'. ఆయత్ అనగా సూచన, గుర్తు. హజ్రత్ మూసా చేతికర్ర సర్పమగుటకును, వానకు ఎండిన నేల చిగురించుటకును, గ్రంథములోని ప్రతి వాక్యమునకును ఆ ఒక్క మాటయే. కనుక మహిమను చూచి ఆశ్చర్యపడుటతో మన పని ముగియదు. అది సూచించు సత్యమును గ్రహింపవలెను.

మక్కా పెద్దలు దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని భూమి నుండి ఊట పుట్టింపుమనియు, ఆకాశమున కెక్కి గ్రంథము తెమ్మనియు కోరిరి. తాను మానవుడైన ప్రవక్తనే అని బదులు చెప్పవలసినదిగా ఆయనకు ఆదేశము వచ్చినది. ఆయన పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన దినమున సూర్యగ్రహణము పట్టగా, బిడ్డ మృతి వలననే అట్లు జరిగినదని జనులు చెప్పుకొనిరి. సూర్యచంద్రులకు ఎవరి చావుపుట్టుకల వలనను గ్రహణము పట్టదని ఆయన ఆ శోకములోనే వారికి బోధించిరి.

ఒక్క రాత్రిలో మక్కా నుండి జెరూసలేమునకు కొనిపోబడిన ఆ ప్రవక్తయే, క్రీ.శ. 622లో మదీనాకు వలసపోవునపుడు మూడు దినములు సౌర్ గుహలో దాగిరి; దారి తెలిసిన వానిని కూలికి కుదుర్చుకొనిరి; ఒంటెనెక్కి ఎడారిని దాటిరి. ప్రసవవేదనలోనున్న హజ్రత్ మర్యమ్‌కు సైతము, ఖర్జూరపు మ్రానును కుదుపుమని ఆదేశమైన పిదపనే పండ్లు రాలినవి. మహిమ యందును మనిషి చేతికి పని తప్పలేదు.

మన హుజూర్‌నగర్‌కు సమీపముననున్న జాన్‌పహాడ్ సైదులు దర్గాలో ప్రతి జనవరిలో ఉర్సు జరుగును. అన్ని కులమతముల వారును వచ్చి మ్రొక్కులు తీర్చుకొందురు. వేడుకోలు అల్లాహ్‌కే చెందునని మా విశ్వాసము. అయినను బిడ్డను చంకనెత్తుకొని అచ్చటికి నడచి వచ్చు తల్లిని పరిహసించుట విద్యావంతుల లక్షణము కాదు. ఆమె కన్నీరు నిజమైనది.

మా ఆక్షేపణ వేరొకచోట గలదు. పొలములో పాము కరచిన వానికి తాయెత్తు కట్టి, మంత్రము వేయించి, గడియలు గడచిన పిదప ఆసుపత్రికి చేర్చుట విశ్వాసము కానేరదు. విషమునకు విరుగుడు సూదిమందు కలదు. ఆలస్యమైనకొలది ప్రాణము చేజారును. ఆ మందును కనుగొను బుద్ధిని మనిషికి ఇచ్చినవాడు ఎవడు? దేవుని పేరిట దేవుడిచ్చిన సాధనమును త్రోసివేయుట కృతఘ్నత. అట్టి భయములను సొమ్ము చేసికొను దొంగ బాబాల సంగతి చెప్పనే అక్కరలేదు.

మక్కా వారు కోరిన ఊట వంటిది మన నేలకును వచ్చినది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ నీటితో మన ప్రాంతము పచ్చబడినది. ఆ ఆనకట్టకు రాళ్ళు మోసిన వేలాది కూలీల చెమటయందు దైవానుగ్రహమును చూడలేనివాడు, సముద్రము చీలినను చూడలేడు.

కళాశాల కమిటీ వారికి మా మనవి యొక్కటి. రాబోవు ఉర్సుకు మన విద్యార్థులను సేవకులుగా పంపుడు. పాముకాటుకు చేయవలసిన ప్రథమచికిత్సను ప్రభుత్వ వైద్యులచే ముందుగా వారికి నేర్పింపుడు. విద్యార్థులారా! యాత్రికుల ప్రార్థనకు అడ్డుపడవద్దు. రోగిని ఆసుపత్రికి చేర్చుటలో తోడుపడుడు.