సరస్సు పక్క ఇల్లు, గోడల్లో చెమ్మ

మా ఇంటి నుంచి ఈరీ సరస్సుకి పావుగంట నడక. క్లీవ్‌లాండ్ పడమటి శివార్లలో ఉండే మాలాంటి వాళ్ళకి ఆ సరస్సే అందం, అదే తలనొప్పి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బేస్‌మెంట్‌లో ముక్క వాసన, పట్టుచీర మడతల మీద తెల్లటి మచ్చలు, డబ్బాలో ఉప్పు నీరుకారడం. "కెమికల్స్ లేని క్లీనర్ ఏది మంచిదండీ?" అని ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. ముందు గాలిలో తేమ చూపించే చిన్న మీటర్ కొనుక్కోమంటాను. హైగ్రోమీటర్ అంటారు, పది పదిహేను డాలర్లకి దొరుకుతుంది. ఇంట్లో తేమ 60 శాతం లోపే ఉండాలనీ, 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిదనీ ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది. అది దాటినన్నాళ్ళూ ఎంత ఖరీదైన ఆర్గానిక్ సీసాతో తుడిచినా బూజు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

మనవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కుంది. వాసన వస్తే కిటికీలు తియ్యమనే కదా మనకి నేర్పారు. మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడల్లా పొద్దున్నే బేస్‌మెంట్ కిటికీలు తీసేసేవారు. అక్కడ అది సరైన పనే. ఇక్కడ బేస్‌మెంట్ గోడ భూమిలో ఉంటుంది, జులైలో కూడా చల్లగానే ఉంటుంది. సరస్సు మీంచి వచ్చే వెచ్చటి తడిగాలి తగిలితే, చల్లటి మజ్జిగ పోసిన స్టీలు గ్లాసుకి పట్టినట్టు గోడకి చెమట పడుతుంది. ఆ గ్లాసే చూపించి చెప్పాను. "అయితే మీ ఊళ్ళో గాలికి కూడా గడియ పెట్టాలన్నమాట" అన్నారావిడ. అక్షరాలా అంతే. వేసవిలో కింద కిటికీలు మూసి డీహ్యూమిడిఫయర్ 50 మీద పెడతాను. అక్టోబరులో పొడిగా ఉన్న రోజు చూసి అన్నీ బార్లా తెరుస్తాను. కరెంటు ఖర్చవుతుంది, కాదనను. కానీ పాడైన గోడ కోసి చెత్తలో పారెయ్యడం కంటే అదే పర్యావరణానికి మేలు.

తేమంతా బయటినుంచే రాదు. ఇడ్లీ పాత్ర, రసం, చలికాలంలో లోపల ఆరేసిన బట్టలు, అన్నీ ఆవిరే. చాలా ఇళ్ళల్లో స్టవ్ మీది ఫ్యాన్ ఆ ఆవిరిని బయటికి పంపదు, జాలీలోంచి తిప్పి మళ్ళీ మన మొహానే ఊదుతుంది. ఒకసారి పైన చెయ్యి పెట్టి చూడండి. మీదీ అలాంటిదే అయితే ఉడికే గిన్నెల మీద మూతలు పెట్టడమే దారి. బీరువాని బయటి గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ సందు వదలండి. బకెట్‌తో నీళ్ళు కొట్టి నేల కడిగే సరదా మాత్రం మానుకోక తప్పదు. చెక్క నేల ఉబ్బుతుంది, ఇక్కడి బాత్రూముల్లో చాలావాటికి నేల మీద తూమే ఉండదు. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. ఎక్కడైనా నీళ్ళు ఒలికితే 24 నుంచి 48 గంటల్లోపు ఆరిపోవాలి.

ఇక పట్టేసిన బూజు. టైలు, గాజు లాంటి గట్టివాటి మీద సబ్బునీళ్ళతో రుద్ది, పొడిగా తుడిస్తే పోతుంది. మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. డ్రైవాల్ లోపలికి దిగితే ఏ ద్రవమూ పని చెయ్యదు, ఆ ముక్క తీసెయ్యాల్సిందే. దాదాపు 10 చదరపు అడుగులకి మించితే పనివాళ్ళని పిలవండి. అలవాటుగా బ్లీచ్ పొయ్యడాన్ని ఈపీఏ కూడా సిఫారసు చెయ్యదు. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలుంటే బూజుకి తోడు ఆ ఘాటు కూడా వాళ్ళ ఊపిరితిత్తుల మీదే పడుతుంది. ఒకవేళ వాడినా వెనిగర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది.

వెనిగర్ మంచిదే, కుళాయిల మీద తెల్లటి ఉప్పుపొరకి. గ్రానైట్, పాలరాయి దగ్గరికి మాత్రం రానివ్వకండి. అందరూ వీడియోల్లో చూపిస్తున్నట్టు బేకింగ్ సోడా, వెనిగర్ కలిపితే నురగ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకదాని గుణాన్ని ఇంకొకటి చంపేస్తుంది, చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్ళే. విడివిడిగా వాడండి. ఇండియన్ స్టోర్లో కుంకుడుకాయలు దొరికితే పది పెంకులు లీటరు నీళ్ళలో మరిగించి వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, కొద్ది రోజుల్లో వాడెయ్యాలి. దీపం మసి పట్టిన పూజ అల్మారాకి దాన్ని మించింది నాకు దొరకలేదు. ఇత్తడి కుందులకి చింతపండు ఎలాగూ ఉంది.

ఇదంతా ఎందుకంటే, మా సింకులోంచి పోయిన నీళ్ళు శుద్ధి అయ్యాక చివరికి చేరేది ఆ సరస్సుకే. మా కుళాయిలో వచ్చేవీ ఆ సరస్సు నీళ్ళే. 2014 ఆగస్టులో ఇదే సరస్సు పడమటి చివర నాచు విషం వల్ల టొలీడో ప్రాంతంలో 4 లక్షల మందికి పైగా రెండు మూడు రోజులు కుళాయి నీళ్ళు తాగలేకపోయారు. కాచుకుంటే సరిపోతుందనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది గానీ, కాస్తే ఆ విషం చిక్కబడుతుందే తప్ప పోదు. ఆ నాచుకి మేత ఫాస్ఫరస్, అందులో ఎక్కువ భాగం పొలాల ఎరువుల నుంచి వచ్చేదే, మన గిన్నెల సబ్బు నుంచి కాదు. డిష్‌వాషర్ సబ్బుల్లో ఫాస్ఫేట్‌ని ఒహాయోతో పాటు పలు రాష్ట్రాలు 2010లోనే కట్టడి చేశాయి. అయినా కావలసిన దానికంటే రెండింతలు సబ్బు పొయ్యడానికి నాకు చెయ్యి రాదు.

డీహ్యూమిడిఫయర్ తొట్టిలో చేరిన నీళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. తాగడానికి, వంటకి పనికిరావు. నేను పూలమొక్కలకి పోస్తాను. కరివేపాకు మొక్కకి మాత్రం పొయ్యను.